నీటిబొట్టులో తలకిందులుగా నేను

నేను ఒక ప్లాస్టిక్ మగ్గును. నీలం రంగు. అర లీటరు కంటే కాస్త ఎక్కువే పడతాను. అంచు ఒకచోట చిట్లింది. స్నానాలగదిలో ఉండాల్సిన మగ్గుకు ఆత్మకథేమిటని మీకు నవ్వు వస్తే నవ్వుకోండి. నేను మాత్రం చెప్పి తీరుతాను.

శుభవార్త వచ్చిన నిమిషంలో నేను వీధి అరుగు మీద ఉన్నాను. ఒకపక్క తెగిన చెప్పులు, ఇంకోపక్క చిల్లుపడ్డ ప్లాస్టిక్ జల్లెడ, మధ్యలో నేను. ముగ్గురం పాత సామాన్లవాడి బండి కోసం ఎదురుచూస్తున్నాం. ఎదురుచూస్తున్నామనడం నా మర్యాద కొద్దీ అన్న మాట. మమ్మల్ని అక్కడ పెట్టింది ఇంటి పెద్దావిడ భ్రమరాంబ గారు. "కొత్తకోడలు తిరిగే ఇంట్లో పగిలిన వస్తువు ఉండకూడదు" అని ఆవిడ పొద్దున్నే తీర్మానించారు. కోడలికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

లోపల ఫోన్ మోగింది. ఆవిడ కొడుకు త్రినాథ్ నోట్లో పళ్ళపొడి నురగతోనే ఎత్తి, స్పీకర్ నొక్కాడు.

"త్రినాథ్ గారాండీ? ఫొటోగ్రాఫర్ల సంఘం కార్యదర్శినండీ. మీ ఫొటోకే మొదటి బహుమతండీ! జిల్లా మొత్తం మీద మీదేనండీ, ఆయ్!"

త్రినాథ్ నురగ మింగేశాడు. అతని భార్య ప్రణీత గాలిలోకి ఎగిరింది. పెళ్ళయి నాలుగు నెలలు. కాఫీ మీద నురగ బాగా వచ్చినా ఎగిరే పిల్ల. మొదటి బహుమతి వస్తే ఊరుకుంటుందా? పెరట్లోంచి వస్తున్న అత్తగారి నడుం పట్టుకుని గిర్రున తిప్పేసింది.

"అత్తయ్యా! ఫస్టు మనదే! మన నీళ్ళే! మన మగ్గు నీళ్ళే!"

"వదలవే, గచ్చు తడిగా ఉంది, ఇద్దరం పడతాం" అంటూనే భ్రమరాంబ గారు కూడా నవ్వుతూ తిరిగారు. సరిగ్గా అప్పుడే వీధిలో బండివాడు కేకేశాడు. ఆవిడ ఆ నవ్వుతోనే బయటికొచ్చి, చెప్పుల్నీ జల్లెడనీ నన్నూ కలిపి బండిలో పడేసి, బదులుగా రెండు పిడికిళ్ళ వెల్లుల్లిపాయలు కొంగులో పోయించుకుని లోపలికి పరిగెత్తారు. "మగ్గు నీళ్ళే" అని ఇంట్లో నా పేరు మార్మోగుతుంటే నేను సందు మలుపు తిరిగిపోయాను. సన్మానం లోపల, సన్మానితుడు బండి మీద.

బండి మీద కూర్చుంటే పాత సంగతులు గుర్తుకు రావడం సహజం. వినండి.

నేను పుట్టింది విజయవాడ శివార్లలో ఒక రేకుల షెడ్డులో. నీలం గుళికలు యంత్రంలో కరిగి అచ్చులోకి దూకితే పన్నెండు సెకన్లలో మగ్గు. మీరు పుట్టాక నిలబడటానికి ఏడాది పడుతుంది. నేను పుట్టిన నిమిషానికే నీళ్ళు పట్టడానికి సిద్ధం. అంచున మిగిలిన పొరను బ్లేడుతో గీసే ఆవిడ, పక్కావిడ చెబుతున్న టీవీ సీరియల్ కథలో పడి, నా అంచు దగ్గర ఒక గీత కాస్త లోతుగా దించింది. ఆ సీరియల్‌లో అత్త కోడల్ని క్షమించిందో లేదో నాకు తెలియదు గానీ, నా బతుకు మాత్రం ఆ గీతతోనే మలుపు తిరిగింది.

అక్కణ్ణుంచి రావులపాలెంలో ఒక సామాన్ల కొట్టుకు చేరాను. ప్రణీత వాళ్ళమ్మ కూతురి సారెలో పెట్టడానికి బకెట్టు కొంటూ, "ఇంత బకెట్టు కొన్నాం, మగ్గు ఊరికే ఇవ్వరా?" అని కొట్టాయనతో అరగంట వాదించింది. అలా ఊరికే వచ్చాను. సారె అంటే తెలుసుగా, పెళ్ళికూతురితో పాటు అత్తవారింటికి వెళ్ళే సామాను. రామచంద్రపురంలో త్రినాథ్ నాన్న పేర్రాజు గారి ఇంటి హాల్లో చాపలు పరిచి, సున్నుండలు, కజ్జికాయలు, స్టీలు బిందెల మధ్య నన్నూ పెట్టారు. నాకూ పసుపు రాశారు, కుంకుమ బొట్టు పెట్టారు. వచ్చిన అమ్మలక్కలు కజ్జికాయలు లెక్కపెట్టారు. నన్ను ఎవరూ లెక్కపెట్టలేదు. అయినా పసుపు పసుపే. నా పిడి కింద ఆ మరక ఇప్పటికీ ఉంది, ఎన్ని సబ్బులు రుద్దినా పోలేదు. కొత్తకోడలితో గడప దాటి వచ్చిన దాన్ని నేను. నన్ను మామూలు మగ్గు అనకండి.

ఇక వసంతాల రోజు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడిన నీళ్ళు పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఒకరి మీద ఒకరు చల్లుకోవడం వాళ్ళ ఇంట్లో ఆనవాయితీ. దానికి వెండి చెంబులు వేరే ఉన్నాయి. చెంబులతో మర్యాదగా నాలుగు చుక్కలు చల్లుకుని ముగించాలన్నది పెద్దల ఉద్దేశం. ప్రణీత చెంబు ఖాళీ కాగానే దాన్ని పక్కనపెట్టి, బకెట్టులోంచి నన్ను లాగింది. త్రినాథ్ డాబా మీది స్తంభం వెనక్కి పరిగెత్తాడు. ఆ పిల్ల నీళ్ళతో పాటు నన్ను కూడా స్తంభానికేసి కొట్టింది. బ్లేడు గీత దగ్గర నా అంచు టప్పున చిట్లింది.

ఆ దెబ్బకు మామూలు మగ్గయితే ఏడ్చేది. రెండో మగ్గు నీళ్ళు చల్లినప్పుడు ఏమైందో చూడండి. నీళ్ళు ముద్దగా పడలేదు. చీలిక దగ్గర రెండు రెక్కలుగా విచ్చుకుని, మధ్యలో ఒక పదునైన నాలుక లేచి, ఆ నాలుక చివర బొట్లు ఎర్రగా ఎండలో వేలాడాయి. త్రినాథ్ మొహం తుడుచుకోలేదు. కళ్ళు పెద్దవి చేసి అలాగే నిలబడ్డాడు.

"ప్రణీతా, మళ్ళీ చల్లు."

"ఏంటీ?"

"అలాగే, అంతే గట్టిగా. కాస్త ఎండలోకి."

ముత్తైదువలు పగలబడి నవ్వారు. "పెళ్ళికొడుక్కి ఇంకా చాల్లేదంటమ్మా!"

చాల్లేదు మరి. అతను ఫొటోగ్రాఫరు. వాళ్ళ నాన్న పేర్రాజు గారు నలభై ఏళ్ళుగా నడిపిన స్టూడియోలో ఇప్పుడు తండ్రీకొడుకులు ఇద్దరూ పనిచేస్తారు. ఆ ఊళ్ళో ఏ శుభకార్యానికి ఫ్లెక్సీ కట్టినా, అమ్మాయి వెనకాల ఎగిసిపడే నీళ్ళు ఒక్కలాగే ఉంటాయి. ఒకే పెన్‌డ్రైవ్‌లో దొరికే రెడీమేడ్ నీళ్ళు. ఓణీల ఫంక్షన్ అమ్మాయి వెనకా అవే, షష్టిపూర్తి తాతగారి వెనకా అవే, కోళ్ళఫారం ప్రారంభోత్సవం వెనకా అవే. ఎడమవైపు మూడో బొట్టు ఎక్కడుందో ఊళ్ళో పిల్లలు కూడా చెప్పేస్తారు. త్రినాథ్‌కు అవంటే చిరాకు. ప్రణీతకు నవ్వు. ఆ పిల్ల ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. వాన చినుకు గుండ్రంగా ఎందుకుంటుందో మీరు అడక్కపోయినా చెబుతుంది.

ఏప్రిల్ నెలాఖరున కాలవలు కట్టేశారు. మరమ్మతుల కోసం ప్రతి వేసవిలోనూ కట్టేస్తారు. రేవు ఎండిపోయి, బురద పెచ్చులుగా విరిగింది. ఆ రేవులో ముప్ఫై ఏళ్ళుగా బట్టలు ఉతికే నూకరత్నం, పొడి రాతి పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటే మొగుడూ పెళ్ళాలిద్దరూ చూశారు.

"నూకరత్నం గారూ, నీళ్ళు లేకపోయినా ఒక చీర తిప్పి కొట్టి చూపిస్తారా? ఫొటో తీసుకుంటాం" అంది ప్రణీత.

"పొడి చీర పొడి రాయి మీద కొడితే ఏవొత్తాదమ్మా, దుమ్ము తప్ప?"

"నీళ్ళు మేం తెస్తాం."

"ఆఁ, తెండి తెండి. డేము గేటు మీ చేతిలోనే ఉన్నట్టుంది."

అయినా ఆవిడ కొట్టింది. నడుం వంచి, చీరను తల మీదుగా చక్రంలా తిప్పి. ఆ తిప్పులో ముప్ఫై ఏళ్ళ పని ఉంది. త్రినాథ్ తీసిన ఫొటోలో ఎండిన కాలవ, ఎండిన రాయి, గాల్లో అర్ధచంద్రంలా చీర. ఇక ఆ చీర సగం నుంచి నీళ్ళుగా మారిపోవాలి. ఎండిపోయిన రేవులో ఆవిడ చీర కొసనుంచి కాలవంతా విరుచుకుపడాలి. విడివిడిగా తీసిన ఫొటోలను అతుకు కనబడకుండా కలిపే ఇలాంటి పనిని వాళ్ళు కాంపోజిట్ అంటారు.

అక్కడే నా పని మొదలైంది. డాబా మీద నల్ల దుప్పటి కట్టారు. నలుపు ముందు నీళ్ళు తీస్తే, తర్వాత కంప్యూటర్లో నలుపును మాయం చేసి నీళ్ళను మాత్రమే మిగుల్చుకోవచ్చు. పక్కనుంచి ఫ్లాష్. నీళ్ళు ఎక్కడ పడతాయో అక్కడ చీపురు నిలబెట్టి, దానిమీద ఫోకస్ పెట్టి, చీపురు తీసేసేవాడు త్రినాథ్. ప్రణీత దుప్పటి పక్కన నిలబడి "ఒకటి, రెండు" అని, మూడు అనకుండానే చల్లేసేది. నీళ్ళ కరువు రోజులు కదా, కింద టార్పాలిన్ పరిచి, పడిన నీళ్ళు టబ్బులోకి చేర్చి మళ్ళీ అవే చల్లారు. ఆఖరున ఆ నీళ్ళు భ్రమరాంబ గారి మల్లెపాదుకు.

మొదటి రోజు అరవైసార్లు చల్లారు. అన్నీ వ్యర్థం. రేవులో ఎండ నూకరత్నానికి కుడిపక్క నుంచి పడింది, డాబా మీద ఫ్లాష్ ఎడమపక్క నుంచి పెట్టారు. కలిపి చూస్తే నీళ్ళు ఎవరో అంటించినట్టు వెలవెలబోయాయి. ప్రణీత రేవుకు వెళ్ళి, రాతి నీడ ఎటు ఎంత పడుతోందో కాగితం మీద గీసుకొచ్చి, ఫ్లాష్‌ను కుడిపక్కకు మార్చి, ఎత్తు సరిచేసింది. రెండో రోజు ఎనభైమూడుసార్లు చల్లారు. నేను లెక్కపెట్టాను, ఎందుకంటే ప్రతిసారీ ఖాళీ అయ్యింది నేనే. వాటిలోంచి పదిహేడు ఏరి, వంచి, సాగదీసి, చీర కొసకు అతికారు.

ఒకసారి ప్రణీత ఉత్సాహంలో చెయ్యి వెనక్కి తీసుకోవడం మర్చిపోయింది. నీళ్ళ వెనకాలే నేను కూడా ఫ్రేములోకి వచ్చేశాను. ఆ నీళ్ళే అన్నిటికంటే అందంగా వచ్చాయి. అందుకని నీళ్ళు ఉంచుకుని నన్ను చెరిపేశారు. కళ్ళముందే. త్రినాథ్ మౌస్ ఇటూ అటూ నాలుగుసార్లు కదిపాడు, నేను లేను. నూట నలభైమూడుసార్లు నీళ్ళు మోసిన దాన్ని, నలుపులో కలిపేశారు. ఈ కళలో గొప్పతనమంతా అదేనట, చేసిన చెయ్యి కనబడకపోవడం. అది మనుషులు తమకు తాము పెట్టుకున్న నియమం. నన్ను అడిగి పెట్టలేదు. నేను ఒప్పుకోలేదు కూడా.

ఫొటో చూసి ఒప్పుకోనివారు మరొకరు ఉన్నారు. పేర్రాజు గారు.

"ఫొటో అంటే ఎదురుగా ఉన్నది తియ్యడం. లేని నీళ్ళు పెట్టడం ఫొటో కాదు" అన్నారాయన.

"చల్లాం కదా మావయ్యగారూ, లేకపోవడమేంటి?" అంది ప్రణీత.

"పోటీకి పంపుతారా, పంపండి. కానీ ఎవడైనా వేలెత్తి ఇది దొంగ ఫొటో అన్నాడా, ఆ కంప్యూటర్ పని నా బోర్డు కింద ఇంక జరగదు. ఒరేయ్ త్రినాథూ, నువ్వు పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుంటూ కూర్చో. చెప్పానంతే."

ఆయన మాటంటే మాటే. మొగుడూ పెళ్ళాలు కలిసి చేద్దామనుకున్న పనంతా ఆ ఒక్క షరతు మీద నిలబడింది. అందుకే బహుమతి కబురు వచ్చినప్పుడు ప్రణీత అంతెత్తు ఎగిరింది.

ఇక బండి మీదికి వద్దాం. నేను లేనప్పుడు ఇంట్లో జరిగింది తర్వాత ప్రణీత పదిమందికి పదిసార్లు చెప్పగా విన్నాను.

మధ్యాహ్నం పన్నెండింటికి కార్యదర్శి మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతులో ఈసారి "ఆయ్" లేదు. పక్క ఊరి స్టూడియో యజమాని ఒకాయన ఫిర్యాదు ఇచ్చాడట. ఆ నీళ్ళు ఎక్కడో డౌన్‌లోడ్ చేసినవని, అంత మంచి నీళ్ళు రామచంద్రపురం డాబా మీద పుట్టవని. ఫొటోలో అతికిన ప్రతి ముక్కా తీసినవాళ్ళ సొంతమై ఉండాలన్నది పోటీ నియమం.

"మీరు తీసిన ఒరిజినల్స్ పంపించండి చాలు" అన్నాడు కార్యదర్శి.

త్రినాథ్ మొహం పాలిపోయింది. ఒరిజినల్స్ లేవు. అతకడం అయ్యాక చోటు కోసం కంప్యూటర్లోంచి తీసేశాడు. వైశాఖంలో ఒకే ముహూర్తానికి మూడు పెళ్ళిళ్ళు పడ్డాయి. కెమెరా కార్డులు చాలక, నీళ్ళ ఫొటోలున్న కార్డులు తుడిచేసి పెళ్ళికి తీసుకెళ్ళాడు. చేతిలో ఉన్నది అతికిన ఫైలు ఒక్కటే.

కార్యదర్శి మెత్తగా అన్నాడు. "పోనీ, మీ అంతట మీరే వెనక్కి తీసుకోండి. గొడవుండదు. ప్రోత్సాహక బహుమతి అని ఏదో ఒకటి ఇచ్చేద్దాం."

ప్రణీత ఫోన్ లాక్కుంది. "మేం చల్లిన నీళ్ళండీ అవి. వెనక్కి ఎలా తీసుకుంటాం? తీసుకోం. సాయంత్రం దాకా టైమివ్వండి, రుజువు చేస్తాం."

ఫోన్ పెట్టేశాక చూస్తే పేర్రాజు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. లోపలికొచ్చి, కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళగానే ప్రణీత ఆ తువ్వాలు తీసేసింది. పడక్కుర్చీలోంచి ఆయన చూశారు కూడా. ఆ పిల్ల చాటుగా తియ్యలేదు, చూస్తే చూడనీ అనుకుంది. ఫొటోను పెద్దది చేసి, ఒక మూలనుంచి మొదలుపెట్టి, నీళ్ళను బొట్టు బొట్టుగా వెతకడం మొదలుపెట్టింది. ఏం వెతుకుతోందో తనకే తెలియదు. గంటన్నర గడిచింది. నీటి నాలుక చివర, గోళీ అంత బొట్టులో ఒక నీలం మచ్చ కనబడింది.

"అయ్యో, దుమ్ము మిగిలిపోయింది" అంటూ త్రినాథ్ అలవాటుగా మౌస్ అందుకున్నాడు.

ప్రణీత అతని చేతిమీద ఒక్కటేసింది. "ముట్టుకోకండి! అది దుమ్ము కాదు. ఇంకా పెద్దది చెయ్యండి."

బొట్టు తెర నిండా పరుచుకుంది. గుండ్రటి నీటిబొట్టు చిన్న భూతద్దం లాంటిది. తన వెనకాల ఉన్నదాన్ని తలకిందులుగా చూపిస్తుంది. ఆ బొట్టులో తలకిందులుగా ఒక నీలం మగ్గు. అంచు మీద చీలిక. పిడి కింద పసుపు మరక.

ఫ్రేములోంచి నన్ను చెరిపారు. బొట్టులోంచి చెరపడం ఎవరికీ తోచలేదు. నూట నలభైమూడుసార్లు నేను మోసిన నీళ్ళు, ఒక్కసారి నన్ను మోశాయి.

"అత్తయ్యా! మగ్గేదీ?" ప్రణీత వంటింట్లోకి దూకింది.

భ్రమరాంబ గారు పీట మీద కూర్చుని వెల్లుల్లిపాయలు ఒలుస్తున్నారు. ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. ఒడిలో ఉన్న పాయలకేసి చూశారు, కోడలికేసి చూశారు.

"ఏ మగ్గే?" అన్నారు నీరసంగా.

ఆ తర్వాత స్కూటీ నడిపింది ప్రణీత. వెనక త్రినాథ్, సామాన్లవాడి మైకు ఏ సందులో వినిపిస్తుందా అని చెవులు రిక్కించుకుని. అతని చేతిలో సంచి, సంచిలో వెల్లుల్లి.

అక్కడ నా పరిస్థితి చెబుతాను. బండి అప్పటికే ఊరి చివర ప్లాస్టిక్ కొట్టుకు చేరింది. అక్కడొక యంత్రం ఉంది. కుర్చీలు, డబ్బాలు, బకెట్లు ఒకవైపు పడేస్తే, ఇంకోవైపు రంగు రంగుల పలుకులై రాలతాయి. పొద్దున నాతో వచ్చిన జల్లెడ నా కళ్ళముందే పలుకులైంది. నేను భయపడ్డానా? పడ్డాను. కానీ ఒక మాట అనుకున్నాను. నన్ను పలుకులుగా కొడితే మళ్ళీ మగ్గుగానే పుడతాను, మళ్ళీ అంచు చిట్లించుకుంటాను.

బండివాడు అప్పన్న నన్ను ఎత్తాడు. యంత్రం వైపు వెళ్ళలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళి, నాతో నీళ్ళు పట్టి మొహం కడుక్కున్నాడు. ఆగి నన్ను తిప్పి చూశాడు. ఇంకో మగ్గు పోసుకున్నాడు. ఇంకోటి. సరిగ్గా అప్పుడే స్కూటీ వచ్చి ఆగింది.

"బాబూ, ఆ మగ్గు మాది! ఇచ్చెయ్యండి!"

అప్పన్న నన్ను వెనక్కి దాచుకున్నాడు. "ఇది నేను వాడుకుందావని పక్కనెట్టుకున్నానండి. నీళ్ళు రెండు పాయలై రెండు చెంపలకీ తగులుతున్నాయండి. భలే ఉందండి."

"చూశారా!" అంది ప్రణీత త్రినాథ్‌తో, ప్రపంచమంతా తన పక్షానికి వచ్చేసినట్టు. తర్వాత సంచి చాపింది. "ఇవిగోండి మీ వెల్లుల్లి. సగం ఒలిచేశాం. ఏమీ అనుకోకండి."

అప్పన్న ఒలిచిన పాయల్ని చూసి నవ్వాడు. "ఒలిచినియ్యే మంచియ్యండి, మాయావిడికి పని తగ్గుద్ది."

ఇంటికి వచ్చేసరికి నాలుగైంది. నన్ను కంప్యూటర్ తెర పక్కన తలకిందులుగా పట్టుకున్నారు. తెర మీద నేను, చేతిలో నేను. చీలికకు చీలిక, మరకకు మరక. త్రినాథ్ ఆ రెండూ కలిపి ఫొటో తీసి సంఘానికి పంపాడు. పేర్రాజు గారు పడక్కుర్చీలోంచి లేచి వచ్చారు. సొరుగులోంచి పాతకాలం నెగటివ్‌లు చూసే భూతద్దం తీసి, తెరకు ఆనించి చాలాసేపు చూశారు.

"నీళ్ళు మీవే. ఒప్పుకున్నాను" అన్నారు. ప్రణీత ఎగరబోయింది. "కానీ ఆ రేవులో లేవు కదమ్మా. చల్లింది డాబా మీద, చూపించింది కాలవలో. అది అబద్ధమే కదా?"

బదులు గుమ్మంలోంచి వచ్చింది. ఇస్త్రీ బట్టల మూట దించుతూ నూకరత్నం అంది:

"పేర్రాజు గోరండీ, నాకు తెలవకడుగుతాను. మా ఆయన సూరయ్య పోయాక తవరు నాకో ఫొటో చేసిచ్చారు, గుర్తుందాండీ? ఆయనొక కుర్చీ, నేనొక కుర్చీ. పక్కపక్కనే."

పేర్రాజు గారు తెర మీంచి భూతద్దం దించారు.

"ఆయన బతికుండగా ఆ కుర్చీలో ఎప్పుడన్నా కూకున్నాడాండీ? మీ స్టూడియో గడపే తొక్కలేదు. రేషన్ కార్డు ఫొటోలోంచి తలకాయి తెచ్చి అతికారు తవరు. కోటు కూడా తొడిగారు. ఆ కోటు ఎవరిదో నాకియ్యాల్టికీ తెల్దు. మరది అబద్ధవాండీ? పొద్దున లేచి దండం పెట్టుకుంటన్నానండి దానికి."

నూకరత్నం మూట విప్పుతూ, తెర మీద ఫొటోకేసి గడ్డం ఎగరేసి, "రేవులో నీళ్ళుండాల్సిన చోట నీళ్ళెట్టారు, అంతే. మొగుడుండాల్సిన చోట మీరు మొగుణ్ణెట్టలేదా?" అంది.

పేర్రాజు గారు భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నారు. కళ్ళు ఎటో తిప్పుకుని, "ఆ కోటు మా బావమరిదిది" అన్నారు. "మెడ దగ్గర అతుకు దాచడానికి మూడు రోజులు పట్టింది."

"అతుకు ఇప్పటికీ కనపడదండి" అంది నూకరత్నం. అంతకంటే పెద్ద బహుమతి ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ రాలేదని నా అభిప్రాయం.

ఆరింటికి కార్యదర్శి ఫోన్. ప్రణీత స్పీకర్ నొక్కింది.

"బొట్టులో మగ్గు కనబడుతోందమ్మా, కాదనను. కానీ ఫిర్యాదు చేసినాయన ఊరుకోవడం లేదు. ఒక్క బొట్టుకే అది రుజువు, మిగతా నీళ్ళ మాటేంటంటున్నాడు. మా ఎదురుగా ఒక్కసారి చేసి చూపిస్తారా, లేకపోతే..."

ప్రణీత నోరు తెరిచేలోపే పేర్రాజు గారు ఫోన్ అందుకున్నారు.

"నేను పేర్రాజును మాట్లాడుతున్నా. రేపు పొద్దున్న పదింటికి రండి. మా డాబా మీదే. ఆ ఫిర్యాదు చేసినాయన్ని కూడా వెంటబెట్టుకురండి. ముందువరసలో నిలబడితే తడుస్తాడని ముందే చెప్పండి."

ఫోన్ పెట్టేసి లోపలి గదిలోకి వెళ్ళారు. ట్రంకుపెట్టె మూత కిర్రుమంది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతుల మీద మడతపెట్టిన ఒక నల్లగుడ్డ. పెద్ద చెక్క కెమెరా వెనక నలభై ఏళ్ళు ఆయన తల దూర్చి నిలబడిన గుడ్డ. ఆయన దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వరని ఇంట్లో అందరికీ తెలుసు.

"మీ దుప్పటికి నూగు ఉంది. ఫొటో నిండా చుక్కలు పడ్డాయి, చూశాను. ఇది కట్టండి" అన్నారు. తర్వాత బల్ల మీద ఉన్న నన్ను ఎత్తి, చీలిక మీద బొటనవేలు నడిపి, బరువు చూసుకున్నారు. "నీళ్ళు రేపు నేను చల్లుతాను."

"మీరా మావయ్యగారూ!" ప్రణీత చప్పట్లు కొట్టింది.

"ఏం, వసంతాలు నేను ఆడలేదా? మీ అత్తయ్యనడుగు."

వంటింట్లోంచి భ్రమరాంబ గారు, "అడక్కే తల్లీ, నా కంచి పట్టుచీర ఆ రోజే పోయింది" అన్నారు. ఆ గొంతులో పశ్చాత్తాపం ఉంది, నా గురించి. ఆవిడే వచ్చి నన్ను తీసుకెళ్ళి చింతపండుతో తోమబోయారు. పిడి కింద పసుపు మరక దాకా వచ్చేసరికి ఆగి, దాన్ని వదిలేశారు.

"ఇంకో మాట" అన్నారు పేర్రాజు గారు కొడుకుతో. "రేపు తీసే ఫొటోలో మగ్గు కూడా ఉండాలి. చెరపొద్దు."

ఈ రాత్రికి నేను స్నానాలగదిలో లేను. హాల్లో, నల్లగుడ్డ మడత మీద ఉన్నాను. రేపు పదింటికి, చిట్లిన అంచుతో, అందరి ఎదుటా, ఫ్రేము మధ్యలోకే వస్తాను. ఈసారి తలకిందులుగా కాదు.